రూతత్తకి రాసిచ్చిన కాగితం

మొన్న స్నేహ వచ్చింది. మా రూతత్త మనవరాలు, మా బావ కూతురు. రూతత్త అంటే మా నాన్నకి సొంత అక్క. పోయి ఏడాది కావస్తోంది. ఈ పిల్లకి సిటీలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. హాస్టల్లో చేరేముందు నాలుగు రోజులు పిన్ని దగ్గర ఉంటానని కూర్మన్నపాలెంలో బస్సు దిగింది. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. లోపల నాలుగు మడతల కాగితం. మడతలు చిరిగిన చోట అన్నం మెతుకు రాసి సన్నటి కాగితం పట్టీలు అంటించారు. విప్పగానే పైన గుండ్రటి అక్షరాలు, కింద రెండు గీతలు: ‘వైజాగ్ వచ్చినప్పుడు ఎక్కడ ఏం కొనాలి, ఎక్కడ ఏం తినాలి’. ఆ అక్షరాలు నావి. కాలేజీలో చదివే వయసులో, నా రాత చూసుకుని నేనే మురిసిపోయే రోజుల్లో రాసినవి. నాన్నమ్మ బైబిల్లో దొరికిందనీ, వాళ్ళ పేటలో ఎవరు పట్నం బయల్దేరినా ఈ కాగితం అడిగి పట్టుకెళ్ళి మళ్ళీ భద్రంగా తెచ్చిచ్చేవారనీ స్నేహ చెప్పుకుపోతోంది. రేపు నన్నూ ఈ చోట్లన్నీ తిప్పు పిన్నీ అంది. కళ్ళజోడు లేదమ్మా, తర్వాత చూస్తానని మడిచి ఇచ్చేశాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. పిల్ల చూసింది.

ఆ కాగితం ఎందుకు రాశానో నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. బాగా చదువుకున్న మేనకోడలు అత్త మీద ప్రేమతో రాసిచ్చిందని మా వాళ్ళందరూ చెప్పుకుంటుంటే వింటూ కూర్చున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు గనక రాస్తున్నాను. ఉండగా రాసే ధైర్యం నాకు లేకపోయింది, అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

అప్పట్లో మేం గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. రెండు గదుల పెంకుటిల్లు, వెనకాల నలుగురికీ ఉమ్మడిగా ఒక బావి. నాన్న పోర్టులో కళాసీ. డ్యూటీ దిగి ఆయన ఇల్లు చేరేసరికి ఇనుప ఖనిజం ధూళి చెవుల వెనకా, మెడ మడతల్లోనూ ఎర్రగా పేరుకుని ఉండేది. అమ్మ ఆయన్ని ఆ అవతారంలో గుమ్మం తొక్కనిచ్చేది కాదు. పెరట్లో గోలెం దగ్గరే నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించేది. ఎంత ఉతికినా ఆయన బనియన్లు ఏనాడూ తెల్లబడలేదు, మా దండెం మీద ఆరేసిన బట్టలు చూస్తేనే పోర్టువాళ్ళ ఇల్లని తెలిసిపోయేది. అన్నాలముందు నాన్న ప్రార్థన చేసేవాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. బంధువుల్లో ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ పోతుంటే చేపల పులుసు చల్లారిపోయేది. అమ్మ ఓపిక పట్టీ పట్టీ మధ్యలో గట్టిగా ‘ఆమెన్’ అనేసి చేతిలోకి గరిటె తీసుకునేది. డిసెంబరు వచ్చిందంటే ఆ ప్రార్థనలో మొదటి పేరు అక్కదే. అత్త బస్సు క్షేమంగా రావాలని.

అత్తది చోడవరం అవతల పల్లె. తెల్లారగట్ల బస్సెక్కి, ఎండ పొడుచుకొచ్చేలోగా మా వీధి మొదట్లో కనిపించేది. నెత్తి మీద మూట, చంకలో గుడ్డ సంచి, ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్న కుచ్చిళ్ళు. మూట దింపగానే ఇల్లంతా కొత్త బెల్లం వాసన, దానిమీద ఆవిడ తలకి రాసుకున్న ఆముదం వాసన. ఆ రెండూ కలిసిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ క్రిస్మస్ గుర్తొస్తుంది, వెంటనే ఇంకోటి కూడా గుర్తొస్తుంది. టీ ఇస్తే వద్దనేది. గుమ్మంలోనే చతికిలబడి, చోడి అంబలీ పచ్చి ఉల్లిపాయా అడిగేది. తాగిన గిన్నె తానే కడిగి బోర్లించేది. అమ్మ లాక్కోబోయినా ఇచ్చేది కాదు. అలవాటులే అనుకునేవాళ్ళం.

పేటలో పిల్లలందరికీ పండగ బట్టలు కొనడం అత్త పని. ఎవరు అప్పజెప్పారో, ఎప్పట్నుంచి చేస్తోందో నాకు తెలీదు. ఆవిడ సంచిలో నూలుతాళ్ళ కట్ట ఒకటి ఉండేది. ఒక్కో పిల్లకీ ఒక్కో తాడు, భుజం దగ్గర్నుంచి మోకాలి దాకా కొలిచి తెంపినది. ఎవరిది ఏదో గుర్తుకి తాడు చివర ముడులు వేసేది. ఒంటి ముడి ఎదురింటి పిల్లాడు, జంట ముడి పక్కింటి కవలలు, ముడి వేసి కొస కాల్చిందైతే ఆ ఏడాది తల్లి పోయిన పిల్ల. దానికి ఒక జానెడు గుడ్డ ఎక్కువ తీసుకోవాలి, గౌనుకి కుచ్చులు పెట్టించాలి. వన్‌టౌన్ సందుల్లో తాన్ల కొట్టులోకి వెళ్ళి బల్లమీద ఆ తాళ్ళన్నీ పరిచేసేది. కొట్టతను నెత్తి పట్టుకునేవాడు. అత్త ఏమాత్రం తొణక్కుండా బొటనవేలు నోట్లో తడిపి గుడ్డ అంచు మీద రుద్ది, రంగు అంటిందో లేదో కిటికీ వెలుగులో చూసేది. నచ్చితే తాను తానంతా అదే. అందుకని పండగరోజు చర్చిలో పిల్లలందరూ ఒకే పువ్వుల గుడ్డలో కూర్చునేవారు, మగపిల్లల చొక్కాలూ ఆడపిల్లల గౌన్లూ అన్నీ అవే పువ్వులు. ఒక ఏడాది మిగిలిన ముక్క పాస్టరుగారి కిటికీకి కర్టెన్ కూడా అయింది.

ఆ బజార్లన్నీ అత్తని తిప్పేది నేను. తాన్లకి వన్‌టౌన్, సత్తు గిన్నెలకి కురుపాం మార్కెట్, ఎండు నెత్తళ్ళకి ఫిషింగ్ హార్బరు, ఓడలవాళ్ళు దింపిన ఫారిన్ సబ్బు ఏ కొట్లో అడిగితే బల్లకింద నుంచి తీస్తారో కూడా నాకు తెలుసు. ‘మా పాపకి వైజాగంతా అరిసేతిలో ఉంది’ అని కనిపించినవాళ్ళందరికీ చెప్పేది అత్త. తినడానికి మాత్రం ఎక్కడికీ వచ్చేది కాదు. ఇంటి దగ్గర్నుంచి మూట కట్టుకొచ్చిన చద్దన్నం మార్కెట్ అరుగు మీద కూర్చుని తినేది. నేను పునుగులు కొనుక్కుంటే అందులో ఒకటి తీసుకుని, ఇంత నూనేటే అని మూతి ముడిచేది.

కాలేజీలో చేరాక నా పద్ధతి మారింది. ఇంట్లో ‘నాను’ అని నోరారా అనే పిల్లని, బస్సు కంచరపాలెం దాటితే ‘నేను’ అయిపోయేదాన్ని. నా పేరు ప్రమీల. దాని వెనకాల బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి ఉంది, అది రిజిస్టరులో తప్ప ఎక్కడా పలకనివ్వలేదు. నాన్నేం చేస్తారంటే పోర్టులో అనేదాన్ని, పోర్టులో ఏమిటో అడిగేలోపు మాట మార్చేదాన్ని. అప్పుడే స్టీల్ ప్లాంటు పనులు మొదలై ఎక్కడెక్కడి ఆఫీసర్లో దిగుతున్నారు. అలాంటి ఆఫీసరు కూతురు లలిత నా పక్కన కూర్చునేది. మంచి పిల్ల. నేనెవరో తెలిస్తే ఏమనుకునేదో నాకు తెలీదు, తెలుసుకునే అవకాశం నేనే ఇవ్వలేదు. నేను చెప్పిన అబద్ధాలన్నీ ఎవరూ అడక్కుండానే చెప్పినవి.

ఆ డిసెంబర్లో అత్తని హోటలుకి తీసుకెళ్ళాలన్న ఆలోచన పూర్తిగా నాది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులున్నాయి, గొప్ప చూపించుకోవాలన్న సరదా ఉంది. జగదాంబ జంక్షన్ దగ్గర మేడ మీద ఒక హోటలుండేది, అద్దం తలుపులు, తలమీద ఫ్యాన్లు, గోడంతా అద్దాలు. లలితతో ఒకసారి వెళ్ళాను. మెట్లెక్కాక అత్త గుమ్మంలో చెప్పులు విప్పేసింది. వేసుకోమని సైగ చేశాను. ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకునే ఆగిపోయింది.

“మనల్ని ఇక్కడ కూకోనిత్తారా పాపా?”

“ఇది పట్నం అత్తా. అడిగేవాడే లేడిక్కడ,” అన్నాను, ఎంతో తెలిసినదానిలా.

నిజంగానే ఎవరూ అడగలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మసాలా దోసె వచ్చింది. దాన్ని ఎటునుంచి తుంచాలో తెలీక అత్త కాసేపు నన్ను చూసి, నేను తుంచినట్టే తుంచింది. అద్దంలో తనని తాను చూసుకుని కొంగు సర్దుకుంది. ఫ్యాన్ గాలికి కళ్ళు సగం మూసుకుని మెల్లగా తింటూ, మీ మావయ్య బతికుంటే ఇది చెబితే నమ్మేవోడు కాడే అంది. అంత సంతోషంగా ఆవిడని నేను చర్చిలో కూడా చూడలేదు. ఇక్కడితో ఈ జ్ఞాపకం ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

అప్పుడే లలిత, ఇంకో అమ్మాయి లోపలికొచ్చి మా పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. నన్ను చూసి నవ్వారు. నేను కుర్చీ కొంచెం వాళ్ళవైపు తిప్పుకుని మాటల్లో పడ్డాను. ఎదురుగా ఉన్న మనిషిని వాళ్ళకి పరిచయం చేయలేదు. అత్త తినడం అయిపోయింది. లేచి, తన ప్లేటూ గ్లాసూ తీసుకుని, చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి నడిచింది. ప్లేటు కడిగింది. వేళ్ళతో అంచులన్నీ తోమి, నీళ్ళు విదిలించి, గోడవార బోర్లించింది. గ్లాసు కడిగి దాని పక్కన పెట్టింది.

వాళ్ళ ఊళ్ళో టీకొట్టు దగ్గర మా పేటవాళ్ళ గ్లాసులు వేరే ఉండేవి, చూరుకింద. బయట నిలబడి తాగాలి, కడిగి మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ అలా కడిగినదాన్నే. బయట తింటే అదే మర్యాదని అత్తకి ఊహ తెలిసినప్పట్నుంచీ నేర్పారు. ఆ రోజు ఆవిడ ఎంతో బుద్ధిగా ఆ మర్యాదే పాటించింది. ఇదంతా నాకు తెలుసు. ఆ క్షణంలోనూ తెలుసు.

వడ్డించే మనిషి చూసి పకపకా నవ్వాడు. గల్లా దగ్గరున్నాయన తల ఎత్తి, ఎవరమ్మా ఈవిడ, ఎవరితో వచ్చిందని గట్టిగా అడిగాడు. హోటలంతా అటే చూసింది. లలిత నావైపు తిరిగి, ప్రమీలా, నీతో వచ్చినావిడేనా అంది. ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. ‘మా అత్త’ అంటే చాలు. రెండు మాటలు.

“మా ఇంట్లో పనిమనిషి. సామాన్లు మోయడానికి తెచ్చాను,” అన్నాను.

అత్త నా వెనకే ఉంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. తల తిప్పి చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. లలిత వైపు చూసి, వంగి దండం పెట్టి అంది:

“అవునమ్మా. ఈ పాపగారింట్లోనే పని సేత్తన్నాను.”

అని, బల్లకింద ఉన్న సంచులన్నీ, నావి కూడా, రెండు చేతులకీ తగిలించుకుని మెట్లవైపు వెళ్ళిపోయింది. పాపా అని ఎత్తుకు పెంచిన మనిషి నన్ను పాపగారు అంది. ఆ ‘గారు’ ఆవిడకి ఎలా తోచిందా అని ఎన్నోసార్లు అనుకున్నాను. తోచడానికేముంది, ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లల్ని అలాగే పిలవాలి కదా.

బస్టాపు దాకా నా వెనక పది అడుగుల దూరంలో నడిచింది. లలితవాళ్ళు కనుమరుగయ్యాక కూడా దగ్గరికి రాలేదు. నేను ఆగితే ఆగింది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడింది. కూర్చో అత్తా అనడం మానేసి, బస్సులో కాలేజీవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాను, అదీ నా బుద్ధి. కంచరపాలెం దాటాక వచ్చి కూర్చుంది. కిటికీలోంచి చూస్తూనే అంది:

“దోసె బాగుందే పాపా. ఇంటికాడ సెప్పకు. నాకొక్కదానికే పెట్టినావని మీయమ్మ బాధపడతాది.”

నేను ఏం చెప్పకూడదో, ఎందుకు చెప్పకూడదో రెండూ ఆవిడే చూసి నా చేతిలో పెట్టింది. నేను తలూపాను. ఆ మాట ప్రకారమే ఇంటికెళ్ళి, ఏమైనా తిన్నావా అని అమ్మ అడిగితే, తినలేదు ఆకలేస్తోందని చెప్పి మళ్ళీ అన్నం తిన్నాను.

మరుసటి ఏడు డిసెంబరు దగ్గరపడుతుంటే నాకు భయం పట్టుకుంది. అత్త వస్తుంది, బజారుకి రమ్మంటుంది, ఎవరో ఒకరు చూస్తారు. పరీక్షలున్నాయని వంక పెట్టి, కూర్చుని ఆ కాగితం రాశాను. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ కొట్టు పక్కన ఏ సందు, అన్నీ వరసగా. తినడానికి రెండు చోట్లు రాశాను: మార్కెట్ వెనక ఇడ్లీలమ్మే ముసలమ్మ బండి, హార్బరు గేటు దగ్గర చేపల కూర, అన్నం పెట్టే పాక. రెండూ మా కాలేజీ పిల్లలు ఎవరూ చచ్చినా అడుగుపెట్టని చోట్లు. మేడ మీద హోటలు రాయలేదు. అత్త సండేస్కూల్లో నేర్చుకున్న కాసిని అక్షరాలతో కూడబలుక్కుని మొత్తం చదివింది. చదివి, కాగితాన్ని కళ్ళకద్దుకుని, బైబిల్లో పెట్టుకుంది. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ బజారుకి రమ్మనలేదు. నా పెళ్ళికి వచ్చింది, నా పిల్లలకి తాళ్ళతో కొలిచి గౌన్లు కుట్టించింది, ముప్పై ఏళ్ళపైన నాతో మామూలుగా మాట్లాడింది. క్షమించమని అడగడానికి నాకు ముప్పై ఏళ్ళ టైముంది. ఏదో ఒక రోజు అడుగుదామనే అనుకుంటూ ఉండిపోయాను.

స్నేహని మర్నాడు తిప్పక తప్పలేదు. తాన్ల కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇడ్లీ ముసలమ్మ ఎప్పుడో పోయింది, హార్బరు దగ్గర పాక లేదు. ఇంకెక్కడ తినాలో తెలీక జగదాంబ దగ్గర మేడ మెట్లెక్కాం. పేరు మారింది, యజమానులు మారారు, అద్దాలు పోయి టీవీలు వచ్చాయి, వడ్డించేవాళ్ళు లేరు. మనమే టోకెను తీసుకుని, మనమే దోసె తెచ్చుకుని, తిన్నాక ప్లేటు మూలనున్న టబ్బులో మనమే పడెయ్యాలట. పెద్ద కార్లలోంచి దిగినవాళ్ళు కూడా బుద్ధిగా తమ ప్లేట్లు తామే మోసుకెళ్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

“ఈ ఓటలే కదా పిన్నీ, నాన్నమ్మ రాసింది?” అంది స్నేహ.

నేను రాసింది మార్కెట్ సంగతులే, ఇది రాయలేదే అన్నాను. వెనకాల చూడు అని కాగితం తిప్పి నా ముందు పెట్టింది. పెన్సిలు రాత. ఎగుడుదిగుడుగా, ఒక్కో అక్షరమూ నొక్కి నొక్కి.

‘జగదాంబ కాడ మేడమీద ఓటలు. నా మేనకోడలు దోసె పెట్టింది. కుర్సీలో కూకోవచ్చు. సెప్పులు ఇప్పక్కర్లేదు. తిన్నాక పలేటు తియ్యకండి, కడక్కండి. మనతో పిల్లలుంటే ఆళ్ళకి నామోసీ.’

ఎన్నిసార్లు చదివానో తెలీదు. నేను దాచిపెట్టిన హోటలుని ఆవిడ తన చేత్తో రాసి పేటకంతా ఇచ్చింది. తనకి జరిగింది ఇంకెవరికీ జరక్కుండా చూసుకుంది అనుకున్నాను ముందు. కాదు, సరిగ్గా చదివితే అది కాదు. నాకు జరిగింది ఇంకే మేనకోడలికీ జరక్కూడదని రాసింది. తప్పు తనదేననుకుంది. అలా అనుకునే పోయింది.

ఎవరికి నామోసీ పిన్నీ అని అడిగింది స్నేహ. ఇక దాచడానికి ముఖం చెల్లలేదు. చెప్పేశాను, లలిత అడిగిన మాటా, నేను చెప్పిన మాటా, ‘పాపగారు’తో సహా. పిల్ల తలొంచుకుని వింది. దోసె చల్లారిపోయింది, అయినా ఇద్దరం తిన్నాం.

తిన్నాక నా ప్లేటూ తన ప్లేటూ నేనే తీసుకున్నాను. టబ్బు దగ్గర ఆగలేకపోయాను. కుళాయి దగ్గరికి వెళ్ళి రెండూ కడిగాను, అంచులు తోమి, నీళ్ళు విదిలించి, గోడవార బోర్లించాను. దీన్ని ప్రాయశ్చిత్తం అంటే నేనే నవ్వుతాను, వినవలసిన మనిషి లేనప్పుడు చేసేది ఏదైనా సులువుగానే ఉంటుంది. నలుగురు చూశారు. కౌంటరు దగ్గర కుర్రమేనేజరు ఆశ్చర్యపోయి, కడగక్కర్లేదమ్మా అని, నేను పలక్కపోతే స్నేహ వైపు తిరిగి, ఈవిడ మీతో వచ్చారాండీ అని అడిగాడు.

“మా పిన్నండి,” అంది స్నేహ. అడిగినంతసేపు పట్టలేదు చెప్పడానికి.